ఢిల్లీ యుద్ధ స్మారకానికి ఊరి నుంచి బృందంగా: పేరు దొరికాకే టికెట్టు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి, సోంపేట వైపు నుంచి ఇప్పటికి మూడు బృందాల్ని ఢిల్లీ తీసుకెళ్ళాను. మిలట్రీలో క్లర్కుగా చేసి వచ్చినవాణ్ణి కాబట్టి కాగితాల పని నాకు తెలుసనుకుని మొదటిసారి ధైర్యంగా బయల్దేరాను. ఆ మొదటిసారే పెద్ద తప్పు చేశాను. జట్టులో ఒక తల్లి ఉంది, కొడుకు సీఆర్‌పీఎఫ్ జవాను, డ్యూటీలో పోయాడు. జాతీయ యుద్ధ స్మారకం గోడల చుట్టూ గంటకు పైగా తిరిగాం. పేరు లేదు. "మా గుంటడి పేరు రాయలేదేటి బావూ?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ పేరు అక్కడ ఉండదని, చాణక్యపురిలోని పోలీసు స్మారకంలో చూడాలని ఆ రాత్రి గానీ నాకు తట్టలేదు. మర్నాడు పొద్దున్నే తిరుగు రైలు.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. పేరు ఏ గోడ మీద ఉందో ఇక్కడే తేలాలి. ఆ తర్వాతే టికెట్టు. మిగతా ఏర్పాట్లన్నీ ఆ గోడ ముందు ఇంటివాళ్ళు నిలబడే పావుగంట కోసమే. ఎలా చెయ్యాలని చాలామంది ఫోన్లు చేస్తున్నారు, అందుకని క్రమంగా రాస్తున్నాను.

## 1. ముందు పేరు తేల్చుకోండి

ఢిల్లీలో స్మారకం ఒక్కటి కాదు, నాలుగు. ఎవరి పేరు ఎక్కడ ఉంటుందన్నది వారు ఏ దళంలో, ఏ కాలంలో పోయారన్న దాన్ని బట్టి ఉంటుంది.

స్వాతంత్ర్యం తర్వాత సైన్యం, నౌకాదళం, వాయుసేనల్లో యుద్ధంలోనో సైనిక చర్యలోనో ప్రాణం విడిచినవారు: జాతీయ యుద్ధ స్మారకం. ఇండియా గేట్ పక్కనే ఉంది, 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. 1947-48 కశ్మీరు నుంచి 1962, 1965, 1971, శ్రీలంక శాంతి సేన, సియాచిన్, కార్గిల్, ఆ తర్వాతి పేర్లన్నీ అక్కడి త్యాగ చక్రం గోడల మీద గ్రానైట్ పలకలపై చెక్కి ఉన్నాయి.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, ఇతర కేంద్ర పోలీసు బలగాలు, రాష్ట్ర పోలీసులు: చాణక్యపురిలోని జాతీయ పోలీసు స్మారకం. 2018 అక్టోబరు 21న ప్రారంభించారు. మన జిల్లాల నుంచి సీఆర్‌పీఎఫ్‌కి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు గనక ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మొదటి ప్రపంచ యుద్ధం: ఇండియా గేట్. ఆ కాలంలో పోయిన డెబ్బై వేలకు పైగా భారతీయ సైనికుల జ్ఞాపకార్థం కట్టింది. అయితే దాని మీద చెక్కినవి 13 వేల చిల్లర పేర్లే, అవీ చాలా ఎత్తున ఉంటాయి. కింద నిలబడి వెతకడం వృథా.

రెండో ప్రపంచ యుద్ధం: ఢిల్లీ కంటోన్మెంట్‌లో బ్రార్ స్క్వేర్ దగ్గరున్న ఢిల్లీ వార్ సెమెట్రీ. తాతగారు బర్మా యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదంటే మాత్రం పేరు ఢిల్లీలో కాక బర్మాలోని రంగూన్ మెమోరియల్ మీద ఉండొచ్చు. అక్కడ దాదాపు 27,000 పేర్లున్నాయి. దహనం చేసినవారి పేర్లు ఇంఫాల్‌లాంటి చోట్ల వేరే స్మారకాల మీద ఉంటాయి. మన ఊళ్ళలో "రంగం (రంగూన్) పోయాడు" అంటే కూలికి పోయాడో యుద్ధానికి పోయాడో ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి తేల్చుకోండి. యుద్ధానికే అయితే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు.

వెతికేటప్పుడు పేరుతో మొదలుపెట్టకండి, ఆర్మీ నంబరుతో మొదలుపెట్టండి. మన పేర్లు ఇంగ్లీషు రికార్డుల్లో నానా రకాలుగా ఉంటాయి. అప్పారావు కలిసి ఉంటుందో విడిపోయి ఉంటుందో తెలీదు. ఇంటిపేరు పూర్తిగా ఉండొచ్చు, ఒక్క అక్షరమే ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. నంబరు మాత్రం మారదు. పెన్షన్ కాగితం మీద, రికార్డ్ ఆఫీసు (సైనికుల సర్వీసు వివరాలు ఉంచే సైన్యం కార్యాలయం) నుంచి వచ్చిన పాత ఉత్తరాల మీద అది ఉంటుంది. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆ ఉత్తరాలు ట్రంకుపెట్టె అడుగున, పెళ్ళి పట్టుచీర కింద దొరికాయి నాకు.

చెప్పడానికి కష్టమైన మాట ఒకటుంది. సర్వీసులో పోయిన ప్రతి ఒక్కరి పేరూ గోడ మీద ఉండదు. సైన్యం భాషలో బ్యాటిల్ క్యాజువాలిటీ (యుద్ధంలోనో సైనిక చర్యలోనో పోవడం) వేరు, ఫిజికల్ క్యాజువాలిటీ వేరు. సెలవు మీద వస్తూ రోడ్డు ప్రమాదంలో పోయినా, జబ్బు చేసి పోయినా రెండోదాని కింద రాస్తారు. అలాంటి కుటుంబాన్ని తీసుకెళ్ళకూడదని కాదు. పేరు ఉండదని ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడే చెప్పాలి, ఢిల్లీలో గోడ ముందు కాదు. ఉండాల్సిన పేరే కనబడకపోతే ఆర్మీ నంబరు, మరణ పత్రం నకళ్ళు జతచేసి రికార్డ్ ఆఫీసుకి రాయండి. జవాబు వచ్చాకే ఆ కుటుంబానికి ప్రయాణం పెట్టండి.

ఈ దశ ముగిసేసరికి ఒక్కో కుటుంబానికి ఒక్కో కాగితం తయారవ్వాలి:

- పూర్తి పేరు, రికార్డులో ఉన్న తీరులో
- ఆర్మీ నంబరు, ర్యాంకు, యూనిట్
- పోయిన తేదీ, చోటు, ఏ ఆపరేషన్
- ఏ స్మారకం, ఏ గోడ, ఏ వరస
- వస్తున్న బంధువు ఎవరు, ఏమవుతారు

## 2. తేదీ ఎంచుకోవడం

అందరూ జులై 26 (కార్గిల్ విజయ్ దివస్), డిసెంబరు 16 (విజయ్ దివస్) అడుగుతారు. రెండూ గొప్ప రోజులే, మన బృందాలకి మాత్రం రెండూ ఇబ్బందే.

ఆ రోజుల్లో పొద్దున్న పెద్దలు వచ్చి పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. పిలుపు లేనివాళ్ళకి ఆ వేళలో లోపల చోటుండదు. టీవీలో చూసిన దృశ్యం మనమూ దగ్గర నిలబడి చూస్తామనుకుని వెళితే పోలీసు బారికేడ్ల దగ్గరే పూట గడుస్తుంది. పైగా జులై నెలాఖరు మనకి ఊడుపుల కాలం, డిసెంబరు నడుమ కోతలు, నూర్పులు. ఇంట్లో మనిషి కదిలే వీలుండదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఉత్తరాన పొగమంచుకి రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. జనవరి మూడో వారం నుంచి గణతంత్ర దినోత్సవం రిహార్సల్స్ కోసం కర్తవ్య పథ్ చుట్టుపక్కల రోడ్లు మూసేస్తుంటారు.

నా ఓటు ఫిబ్రవరి ఆఖరి వారానికి. స్మారకం ప్రారంభమైన రోజు, ఫిబ్రవరి 25, ఆ వారంలోనే పడుతుంది. చలి తగ్గుతుంది, ఎండ ఇంకా ముదరదు. ఇక్కడ పంట ఇంటికి చేరిపోయి ఉంటుంది, ఉద్దానంలో జీడిపిక్కల పని ఇంకా మొదలవదు.

తేదీ విషయంలో ఇంకో సంగతి. స్మారకం దగ్గర రోజూ సూర్యాస్తమయానికి ముందు రిట్రీట్ (బూరా ఊది రోజుని ముగించే సైనిక కార్యక్రమం) జరుగుతుంది. అమరుల కుటుంబ సభ్యులు పుష్పగుచ్ఛం ఉంచే కార్యక్రమం కూడా ఆ సాయంత్రం వేళే. అంటే పెద్ద రోజు కోసం కాచుకోనక్కర్లేదు, మామూలు బుధవారం సాయంత్రం వెళ్ళినా బూరా మోగుతుంది. ఇంటివాళ్ళకి అదే మేలు. జనం తక్కువ, తొందరపెట్టేవాళ్ళు ఉండరు.

పోలీసు కుటుంబాలకి అక్టోబరు 21 పోలీసు అమరవీరుల దినం. రెండో ప్రపంచ యుద్ధం కుటుంబాలు ఎప్పుడు వెళ్ళినా పరవాలేదు. వార్ సెమెట్రీలో నవంబరు 11 ప్రాంతంలో విదేశీ దౌత్య కార్యాలయాల వాళ్ళు జరిపే కార్యక్రమం పిలుపు ఉన్నవాళ్ళకే.

## 3. జట్టు: పద్దెనిమిది దాటొద్దు

ముప్పై మందితో బయల్దేరితే పేరంటం అవుతుంది. పన్నెండు నుంచి పద్దెనిమిది మంది సరి. ప్రతి పెద్దమనిషికీ తోడు ఒకరు ఉండాలి. ఆ తోడు యాభై ఏళ్ళ లోపు మనిషై, ఫోన్ వాడకం తెలిసి ఉంటే మంచిది. ఇద్దరు పెద్దవాళ్ళకి కలిపి ఒక తోడు అని ఎప్పుడూ ఒప్పుకోకండి. స్టేషన్‌లో ఒకరు బాత్రూమ్‌కి వెళితే రెండోవారి దగ్గర ఎవరుంటారు?

పనులు మనుషుల వారీగా పంచండి:

- ఒకరు టికెట్లు, గదులు
- ఒకరు డబ్బు, లెక్క పుస్తకం
- ఒకరు మందులు (ఊళ్ళో ఆరెంపీ గారో నర్సమ్మో వస్తే అదృష్టం)
- ఒకరు హిందీ. విశ్రాంత సైనికులు జట్టులో ఉంటే ఈ బాధ్యత వాళ్ళే ఆనందంగా మోస్తారు

డబ్బు సంగతి మొదటి సమావేశంలోనే తేల్చెయ్యండి. రైలు, బస, తిండి, ఢిల్లీలో బళ్ళు, అత్యవసరం అని అయిదు పద్దులు రాసి, మొత్తంలో సగం ముందే వసూలు చెయ్యండి. మానుకున్నవాళ్ళ రద్దు ఖర్చు వాళ్ళదేనని ఆ రోజే పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించండి. మనవాళ్ళే కదా అని మొహమాటపడి రెండోసారి నా జేబులోంచి కట్టాను.

## 4. రైలు టికెట్లు

విజయనగరం నుంచి సమతా ఎక్స్‌ప్రెస్ పార్వతీపురం, రాయగడ, రాయపూర్ మీదుగా నేరుగా హజ్రత్ నిజాముద్దీన్ వెళ్తుంది, అయితే రోజూ ఉండదు. శ్రీకాకుళం రోడ్డు, పలాసల్లో ఆగే హిరాకుడ్ ఎక్స్‌ప్రెస్ కూడా ఢిల్లీ మీదుగానే అమృత్‌సర్ వెళ్తుంది, అదీ రోజూ ఉండదు. తేదీ కుదరకపోతే విశాఖ వెళ్ళి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, అది ప్రతిరోజూ ఉంది. ఏది ఎక్కినా రోజున్నర ప్రయాణం అనుకోండి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ప్రయాణం రోజుని లెక్కలోకి తీసుకోరు. ఫిబ్రవరి 23న ఎక్కాలంటే డిసెంబరు 25 ఉదయం 8 గంటలకి కూర్చోవాలి. అంటే జట్టు జాబితా డిసెంబరు మొదటి వారానికల్లా తేలిపోవాలి, పేర్ల వెతుకులాట దసరా నాటికే మొదలవ్వాలి. సంక్రాంతికి అందరూ ఊరొచ్చాక మాట్లాడుకుందాం అంటే ఆ ఏడాదికి ప్రయాణం లేనట్టే.

ఇక్కడ అందరూ చేసే తప్పు చెప్తాను. ఒక టికెట్టు మీద ఆరుగురి దాకా బుక్ చెయ్యొచ్చు కదా అని ఆరుగురు పెద్దవాళ్ళని ఒకే టికెట్టులో పెడతారు. అప్పుడు కింది బెర్తు కోటా పోతుంది. 60 దాటిన మగవారికి, 45 దాటిన ఆడవారికి లోయర్ బెర్త్ కోటా ఉంది. ఒక్కరు గానీ ఇద్దరు గానీ ఉన్న టికెట్టుకే అది వర్తిస్తుంది. కాబట్టి పెద్దవాళ్ళని ఇద్దరిద్దరిగా ఆ కోటాలో బుక్ చెయ్యండి. తోడు వచ్చేవాళ్ళకి వేరే టికెట్టు తీసి, బోగీ ఒకటే అయ్యేలా చూసుకోండి. డెబ్బై ఏళ్ళ మామ్మ చేత పై బెర్తు ఎక్కించిన పాపం మనకెందుకు!

ఇద్దరిద్దరిగా చేస్తే టికెట్ల సంఖ్య పెరుగుతుంది. ఆధార్ జతచెయ్యని ఐఆర్‌సీటీసీ ఖాతాలో నెలకి 12 టికెట్లే, జతచేస్తే 24. బుకింగ్ తెరిచిన తొలి సమయంలో ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఖాతాలకే అవకాశం కూడా. ఇద్దరు మనుషులు రెండు ఖాతాలతో సిద్ధంగా ఉండండి.

- వృద్ధుల చార్జీ రాయితీ 2020లో తీసేశారు. దాన్ని లెక్కలో వెయ్యకండి.
- ఒకరి బదులు ఇంకొకరు వెళ్ళాలంటే తల్లి, తండ్రి, భార్య, భర్త, పిల్లలు, తోబుట్టువుల మధ్యే టికెట్టు పేరు మారుతుంది. రైలుకి 24 గంటల ముందే రిజర్వేషన్ ఆఫీసులో అడగాలి. పక్కింటివాళ్ళకి మారదు.
- వెయిటింగ్ లిస్టు టికెట్టుతో బోగీ ఎక్కనివ్వరు. ఒక్కరిది కన్ఫర్మ్ కాకపోయినా ముందురోజే తేల్చుకోండి.
- తిరుగు ప్రయాణం కార్యక్రమం మర్నాడే పెట్టకండి. ఒక రోజు ఖాళీ ఉంచండి.

## 5. కాగితాలు

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం గడప ఒకసారైనా తొక్కండి. ఖాళీ చేతులతో కాదు, పైన చెప్పిన కాగితాల కట్టతో. సాయంత్రం పుష్పగుచ్ఛం ఉంచే అవకాశం మీ కుటుంబానికి కావాలంటే వాళ్ళ ద్వారా, రికార్డ్ ఆఫీసు ద్వారా, స్మారకం నిర్వాహకులకి కనీసం మూడు నెలల ముందు రాయండి. ఒక సాయంత్రం జట్టులో అందరికీ దక్కదు. ఒక్క కుటుంబానికి దక్కినా మిగతావాళ్ళు వెనక నిలబడతారు. ఎవరు ముందన్న గొడవ ఊళ్ళోనే తీర్చుకోండి.

బసకి ఆంధ్రా భవన్ గది దొరికితే అంతకన్నా కావాల్సింది లేదు, ఇండియా గేట్‌కి నడక దూరం. ఎంపీ గారి కార్యాలయం నుంచి ఉత్తరం తీసుకుని ప్రయత్నించండి. దాన్నే నమ్ముకుని మాత్రం కూర్చోకండి. మాజీ సైనికులకి సైనిక విశ్రాంతి గృహాలున్నాయి, వాటికీ ముందే రాసి పెట్టండి. రెండూ కాకపోతే లిఫ్ట్ ఉన్న లాడ్జి చూడండి. లిఫ్ట్ "ఉంది" అంటే చాలదు, పనిచేస్తోందా అని అడగండి.

ప్రతి మనిషి దగ్గరా ఉండాల్సినవి:

- ఒరిజినల్ ఆధార్, రెండు నకళ్ళు
- వీరనారి (అమర సైనికుడి భార్య) లేదా మాజీ సైనికుల గుర్తింపు కార్డు
- పెన్షన్ కాగితం నకలు
- ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే అదీ
- మెడలో వేసుకునే చీటీ: పేరు, బస చిరునామా, జట్టు పెద్దల ఫోన్లు రెండు, తెలుగుతో పాటు హిందీలోనూ

ఆ చీటీని చూసి "నానేటి చంటి గుంటనా?" అని విసుక్కుంటారు. అయినా వెయ్యండి. రెండోసారి మెట్రో స్టేషన్‌లో ఒకాయన తలుపు మూసుకునేలోపు దిగలేక ముందు స్టేషన్‌కి పోయారు. హిందీ ముక్క రాదు. ఆ చీటీ చూసే అక్కడివాళ్ళు ఫోన్ చేశారు.

## 6. ఆరోగ్యం, ముఖ్యంగా ఉద్దానం వాళ్ళకి

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ళందరికీ బయల్దేరే నెల ముందు క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించండి. కిడ్నీ జబ్బు చాలాకాలం పైకి తెలియదని ఉద్దానం వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. రైల్లో ఒళ్ళు నొప్పులని ఎవరో ఇచ్చిన నొప్పి మాత్రలు వాళ్ళు మింగకూడదు. మందుల పెట్టె చూసే మనిషికి ఈ సంగతి రాసి ఇవ్వండి.

డయాలసిస్‌లో ఉన్నవాళ్ళని తీసుకెళ్ళొద్దనే నా మాట. వారానికి మూడుసార్లు చేయించుకునే మనిషికి రోజున్నర రైలు, కొత్త ఊళ్ళో ఆసుపత్రి వెతుకులాట చాలా ప్రమాదం. వాళ్ళ కోసం గోడ దగ్గర నుంచి వీడియో కాల్ చెయ్యండి. సిగ్నల్ అందకపోతే తాపీగా వీడియో తీసి తెచ్చి చూపించండి. క్రితంసారి అలా ఒకాయనకి చూపిస్తే తమ్ముడి పేరు దగ్గర ఫోన్ ఆపించి, తెర మీదే వేలు పెట్టి తడిమారు.

- మందులు ఎన్ని రోజుల ప్రయాణమో అన్నిటికీ, ఇంకో అయిదు రోజులకి అదనంగా
- మందు చీటీ మీద కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు
- మడత చక్రాల కుర్చీ ఒకటి. అద్దెకి తెచ్చుకోండి, అక్కడ దొరుకుతుందిలే అనుకోవద్దు
- రైల్లో ఒంట్లో బాగోకపోతే 139కి ఫోన్

## 7. తిండి, బట్టలు

మొదటి పూటకి పులిహోర. రెండో పూటకి చపాతీలు, పచ్చడి. పెరుగన్నం రైల్లోకి తేవొద్దు, మధ్యాహ్నానికి పులిసిపోతుంది. అటుకులు, జంతికలు, సున్నుండలు ఎన్ని తెచ్చినా మిగలవు. చోడిపిండి ఒక డబ్బా పెట్టుకుంటే లాడ్జిలో వేడినీళ్ళు దొరికిన చోటల్లా అంబలి అవుతుంది. మావాళ్ళని ఆదుకుంది అదే.

ఢిల్లీలో రొట్టె మీద రెండు పూటలు నెట్టుకొస్తారు, మూడో పూటకి చారు ఏదీ అని మొదలెడతారు. అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి ఎవరైనా వెళ్ళొచ్చు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే రద్దీ, బేగీ వెళ్ళండి.

ఫిబ్రవరి ఆఖరైనా పొద్దున్నా రాత్రీ చలే. స్వెటర్, మఫ్లర్, మేజోళ్ళు తప్పవు. కొత్త చెప్పులు కొనివ్వకండి, పాదాలు కొరికేస్తాయి. మాజీ సైనికులు మెడల్స్, టోపీ తెచ్చుకోవాలి, ముందురోజే తుడిచి పెట్టుకోవాలి. ఈ మాట నేను చెప్పక్కర్లేదులెండి, వాళ్ళు వారం ముందునుంచే తుడుస్తుంటారు.

## 8. ఢిల్లీలో రోజుల వరస

దిగిన రోజు: ఎక్కడికీ వద్దు. స్నానం, భోజనం, నిద్ర.

రెండో రోజు పొద్దున్న: పెద్దవాళ్ళు గదిలోనే ఉంటారు. జట్టులో ఇద్దరు మాత్రం స్మారకానికి వెళ్ళి ప్రతి పేరూ కళ్ళతో చూసి రావాలి. ఏ గోడ, ఎన్నో వరస, నేల నుంచి ఎంత ఎత్తు, కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే అందుతుందా, అన్నీ రాసుకోండి. త్యాగ చక్రం చక్రవ్యూహంలా వలయంగా ఉంటుంది. మొదటిసారి లోపలికి వెళ్ళినవాడికి ఎటు తిరిగినా ఒకేలా కనిపిస్తుంది. ఈ ఒక్క పూట పని చేస్తే సాయంత్రం ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

రెండో రోజు సాయంత్రం: రిట్రీట్.

మూడో రోజు: పోలీసు కుటుంబాలతో చాణక్యపురి, ఉంటే వార్ సెమెట్రీ కుటుంబాలతో కంటోన్మెంట్. అందరూ అన్నిచోట్లకీ వెళ్ళనక్కర్లేదు, జట్టుని రెండుగా విడదియ్యండి. పోలీసు స్మారకం వేళలు ముందురోజే చూసుకోండి.

నాలుగో రోజు: ఖాళీ. రైలు ఆలస్యంగా వచ్చి ఒక రోజు పోయి ఉంటే ఇదే దాన్ని మింగుతుంది. పోకపోతే కుతుబ్ మీనారో, చాందినీ చౌకో చూసుకుంటారు.

## 9. ఆ సాయంత్రం

స్మారకానికి ప్రవేశ రుసుము లేదు. నవంబరు నుంచి మార్చి వరకు సాయంత్రం 6.30కి, ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు 7.30కి మూస్తారు. ఫిబ్రవరి ఆఖర్న అక్కడ పొద్దు ఆరుంపావు ప్రాంతంలో కుంగుతుంది. మీరు నాలుగింటికల్లా గేటు దగ్గర ఉండాలి.

బండి లోపలిదాకా పోదు. ఇండియా గేట్ చుట్టూ ఉన్న గుండ్రటి రోడ్డు మీద దిగి నడవాలి, కుర్చీ అక్కడే తెరవండి. దగ్గరి మెట్రో స్టేషన్లయిన సెంట్రల్ సెక్రటేరియట్, ఖాన్ మార్కెట్ నుంచి కూడా పెద్దవాళ్ళు నడిచే దూరం కాదు, ఆటో ఎక్కించండి. పెద్ద సంచులు, అగ్గిపెట్టెలు, తినుబండారాలు గదిలోనే వదిలెయ్యండి.

క్రమం ఇది:

1. ముందు గోడ దగ్గరికి. ఒక్కో కుటుంబాన్ని వేరుగా తీసుకెళ్ళండి, మిగతావాళ్ళు దూరంగా ఆగాలి.
2. పేరు చూపించి మీరు రెండడుగులు వెనక్కి జరగండి. మాట్లాడకండి. ఫోన్ వెంటనే బయటికి తియ్యకండి.
3. చదవడం రానివాళ్ళకి పలక మీదున్నది మొత్తం మెల్లగా చదివి వినిపించండి. పేరు ఒక్కటే కాదు, నంబరు, ర్యాంకు, యూనిట్ కూడా.
4. వాళ్ళంతట వాళ్ళు కదిలేదాకా ఆగండి. తర్వాతే ఫొటో. ఎదురుగా తీస్తే రాయి మీద వెలుగు పడి అక్షరాలు కనిపించవు, కాస్త పక్కనుంచి తియ్యండి.
5. అయిదున్నరకల్లా అందర్నీ అమర చక్రం వైపు చేర్చండి. నడుమ ఎత్తైన స్తంభం, దాని కింద జ్యోతి ఉంటుంది. కూర్చోవలసినవాళ్ళు ముందు, నిలబడేవాళ్ళు వెనక.
6. బూరా మోగినప్పుడు కదలకూడదు. నిలబడగలిగినవాళ్ళు నిలబడాలి.

మనవాళ్ళు కొబ్బరికాయ, పసుపు కుంకాలు, అగరువత్తులు పట్టుకొస్తారు. అక్కడ ఆ తంతు కుదరదు. ఊళ్ళో ఫొటో దగ్గర పూజ చేసుకుని బయల్దేరమని ముందే చెప్పండి. విడిపూలు పెట్టుకోవచ్చా అని అక్కడి సిబ్బందిని అడిగి, వాళ్ళు చూపించిన చోటే పెట్టండి.

ఏడుపు వస్తుంది. రానివ్వండి. ఊరుకోబెట్టే పని ఎవరూ పెట్టుకోవద్దు, పక్కన మంచినీళ్ళ సీసాతో ఉంటే చాలు. ఆ రాత్రి భోజనం తొందరగా పెట్టించి, బీపీ ఉన్నవాళ్ళకి ఒకసారి చూడండి. మొన్నటిసారి గోడ దగ్గర కన్నీటి చుక్క రాల్చని ఒక వీరనారి రాత్రి పదకొండింటికి లేచి కూర్చుని తెల్లవార్లూ మాట్లాడింది. ఆవిడ గదిలో తోడున్న అమ్మాయి అంతసేపూ వింది. అందుకే ఎవర్నీ ఒంటరిగా గదిలో పడుకోనివ్వను.

## 10. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

పేరు అక్షరాలు గోడ మీద తప్పుగా ఉన్నాయి. అక్కడ సిబ్బందితో వాదన వద్దు. ఫొటో తీసుకుని, ఊరొచ్చాక సరైన రికార్డు నకలుతో రికార్డ్ ఆఫీసుకి రాయండి.

దారి మూసేశారు. ఎవరో పెద్దమనిషి రాక అంటారు. అందుకే సాయంత్రం కార్యక్రమాన్ని రెండో రోజు పెట్టమన్నాను. మూడో రోజు సాయంత్రం మళ్ళీ వెళ్ళే వీలుంటుంది.

ఎంపీ గారు వస్తారు, ఫొటోలు దిగుదాం అని ఒకరి పట్టు. వస్తే సంతోషం. అయితే ఆయన వేళకి మన వేళ కట్టకండి. ఎండలో రెండు గంటలు ముసలివాళ్ళని కూర్చోబెట్టి కాచుకున్న బృందాన్ని కళ్ళారా చూశాను.

జట్టులో ఒకరు ఆఖరి నిమిషంలో రాలేకపోయారు. వాళ్ళ కాగితం మాత్రం పట్టుకెళ్ళండి. వాళ్ళ పేరు దగ్గరా ఆగండి, ఫొటో తియ్యండి.

ఢిల్లీ దాకా అసలు వెళ్ళలేం. నౌకాదళం కుటుంబాలకి విశాఖ బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది, 1971 యుద్ధానిది. డిసెంబరు 4న నేవీ డే నాడు అక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. పొద్దున్న బస్సెక్కితే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు.

## 11. తిరిగొచ్చాక

వారంలోగా లెక్క పుస్తకం అందరి ముందూ చదవండి. మిగిలింది పది రూపాయలైనా పంచండి.

ఫొటోలు ఫోన్‌లో పంపి ఊరుకోకండి. పలక మీది పేరు చదవడానికి వీలయ్యేంత పెద్దగా అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి, ఇంటికి వెళ్ళి ఇవ్వండి. వెనకవైపు గోడ, వరస వివరాలు రాయండి. రేపు మనవడు ఒంటరిగా వెళ్ళినా వెతుక్కోనక్కర్లేదు.

మొదటిసారి కొడుకు పేరు దొరకని తల్లిని మూడోసారి మళ్ళీ తీసుకెళ్ళాను, ఈసారి నేరుగా చాణక్యపురికి. ఆ ఫ్రేము ఇప్పుడు ఆవిడ ఇంటి వసారాలో, గుమ్మానికి ఎదురుగా ఉంది. గోడకి కాస్త కిందుగా కొట్టించుకుంది, మంచం మీద కూర్చుంటే చెయ్యి అందేంత ఎత్తులో.